నడుము కొలతల ప్రయాణం

ఈ ప్రయాణం నుంచి తిరిగొచ్చాక మా వార్డులో అందరిదీ ఒకటే ప్రశ్న. విజయనగరం కోట చూశావా, సాలూరు కొండలు చూశావా అని. కోట బయటినుంచి చూశాను. కొండలు రైలు కిటికీలోంచి కనిపించాయి. నిజం చెప్పాలంటే పన్నెండు రోజులూ నేను చూసింది ఆడవాళ్ళ నడుములు. ఇలాంటి యాత్ర ఇంతకుముందు ఎవరైనా చేశారో లేదో నాకు తెలియదు. చేసి ఉంటే చెప్పుకోవడానికి సిగ్గుపడి ఊరుకుని ఉంటారు. నాకు సిగ్గు తక్కువ, కోపం ఎక్కువ. అందుకని రాస్తున్నాను.

మాది రాజమండ్రి. విశాఖపట్నంలో పదేళ్ళుగా ఆస్పత్రి నర్సుని. పెళ్ళి కాలేదు, చేసుకోలేదు, రెండూ నిజమే. మా డాక్టరమ్మకి చాలాకాలంగా ఒక అనుమానం ఉంది. మధుమేహంతో మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళందరూ లావుగా ఉండరు, లావుగా ఉన్నవాళ్ళందరికీ మధుమేహం ఉండదు. మరి తేడా ఎక్కడ? "బరువు కాదు కామేశ్వరీ, కొవ్వు ఎక్కడ చేరిందో చూడు. తొడల్లో, పిరుదుల్లో చేరినవాళ్ళు హాయిగా తిరుగుతున్నారు. పొట్టలో చేరినవాళ్ళే మన మంచాల మీద ఉన్నారు" అంటుంది ఆమె. ఆస్పత్రికి వచ్చేవాళ్ళని చూస్తే చాలదు, ఇంకా ఇళ్ళలో తిరుగుతూ ఉన్నవాళ్ళని చూడాలంది. కూర్చుని తినే ఇళ్ళు కొన్ని, కష్టం చేసుకునే ఇళ్ళు కొన్ని.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. ఒక దర్జీ టేపు, ఒక స్పిరిటు దీపం, అరడజను గాజుగొట్టాలు, ఒక సీసాలో నీలం మందు ఇచ్చి నన్ను రైలెక్కించారు. ఆ మందులో నాలుగు చుక్కలు మూత్రం వేసి కాచితే, ఒంట్లో చక్కెర లేనివాళ్ళది నీలంగానే ఉంటుంది. ఉంటే ఆకుపచ్చకి తిరుగుతుంది, ఆపైన పసుపు. బాగా ముదిరితే ఇటికరంగు. బజార్లో పంచదార రేషన్లో కూడా దొరకని రోజుల్లో, అది మనుషుల ఒంట్లో ఎక్కడ దాక్కుందో వెతకడానికి నేను బయల్దేరానన్నమాట.

విజయనగరం

సత్రంలో దిగాను. ఒంటరి ఆడమనిషిని చూసి సత్రం గుమాస్తా మూడుసార్లు పేరడిగాడు, నాలుగోసారి మీవారి పేరేమిటన్నాడు. హోటల్లో కాఫీ బెల్లంతో పెట్టారు, అణా తీసుకున్నారు. మా రాజమండ్రిలో అలాంటి కాఫీ ఇస్తే గ్లాసు తిరిగి కొట్టు మీదే బోర్లిస్తారు. ఇక్కడ ఇంకోటి అడిగి తాగుతున్నారు. మూడో రోజుకి నాకూ అలవాటైపోయింది.

మొదటి రోజు ఎవరూ కొలవనివ్వరేమోనని భయపడుతూ వెళ్ళాను. వీధి మొదట్లో ఒక బట్టల వర్తకుడి ఇంట్లో అడుగుపెట్టేసరికి, లోపలి వసారాలో పదిహేనుమంది ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. నా గురించి ముందే తెలిసిందట. ఆడవాళ్ళు చదువుకుంటే లోకం ఇలా మారుతుంది కదా అని పొంగిపోయాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి.

టేపు చుట్టగానే ప్రతి మనిషీ ఊపిరి బిగపట్టి పొట్ట ముందుకి తోస్తోంది. ఒకావిడ నా చెవి దగ్గరికి వంగి, "ఇంకో రెండంగుళాలు ఏసీ అమ్మా, నీకు పున్నెముంటాది" అంది. ఎందుకో అర్థం కాలేదు. చివరికి పదహారేళ్ళ కొత్తకోడలు వచ్చింది. ముంజేతులు పొట్లకాయల్లా ఉన్నాయి, నడుం మాత్రం ముప్ఫయ్యెనిమిది అంగుళాలు. చీర పక్కకి తీశాను. లోపల పిల్లాడి బొంత ఒకటి చుట్టుకుని ఉంది.

"ఇదేమిటమ్మా?"

ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది. "మా అత్త సుట్టుకోమన్నాది. నడుం కొలిసి, ఎవులికి ఎంత నడుముంటే అంత గుడ్డ రేషనిస్తారంట గాదా?"

రేషను బట్ట కోసం నిలబడ్డ వరసలో ఎవరో పుట్టించిన మాట అది. సర్కారు నర్సు వస్తాది, నడుం కొలిచి రాసుకుంటాది, లావుంటే రెండు చీరలు, సన్నంగా ఉంటే ఒకటి అని. నేను సర్కారు మనిషిని కాదని, గుడ్డకీ నాకూ సంబంధం లేదని చెప్పగానే వసారా ఖాళీ అయింది. వాళ్ళ మూత్రం సంగతి ఎత్తేసరికి ఆ బట్టల వర్తకుడి తల్లి కర్ర తీసుకుంది. ఒక రోజు కొలతలన్నీ కొట్టేశాను. సత్రానికి వచ్చి నవ్వుకుందామంటే పక్కన ఎవరూ లేరు. ఒంటరిగా నవ్వడం కష్టం. ఏడవడం అంతకంటే తేలిక.

గజపతినగరం

పుకారు నాకంటే ముందు రైలెక్కినట్టుంది, దాని వెనకే నిజం కూడా వచ్చింది. ఈ ఊళ్ళో గుడ్డ ఇవ్వనన్న సంగతి అందరికీ తెలుసు. తలుపులు తీసినవాళ్ళు తీసినట్టే వేసేశారు. నూనె, బెల్లం అమ్మే ఒక షావుకారు ఇంటి అరుగు మీద నీడకి కూలబడ్డాను. లోపలినుంచి ఒకావిడ గుమ్మం నిండుగా వచ్చి నిలబడింది. నలభై ఏళ్ళుంటాయి.

"నువ్వేనేటే నడుములు కొలిసే గుంటవి? మొకం అలగ వాడిపోనాదేటి? రా, ముందు అన్నం తిను."

ఆవిడ పేరు పైడమ్మ. ఆ భోజనం నేను మరిచిపోలేను. ఆనపకాయ పులుసులో బెల్లం, పప్పులో బెల్లం, ఆవ పెట్టిన కూర పక్కన మళ్ళీ ఒక బెల్లం ముక్క. మావైపు ఇంత తీపి పెళ్ళివాళ్ళకి కూడా పెట్టరు. వడ్డిస్తూ నా ఊరూ పేరూ అడిగింది. మీ ఆయన ఏం చేస్తాడని అడగలేదు. ఆ ఒక్క కారణానికే ఆవిడ నాకు నచ్చింది.

తిన్నాక టేపు తీశాను. నవ్వింది.

"నా నడుం నీ టేపు సెప్పక్కర్నేదు. ఇది సెప్తాది సూడు" అని కొంగు పక్కకి తీసి, రోజూ పెట్టుకునే వెండి వడ్డాణం విప్పి నా ఒళ్ళో పెట్టింది.

బిళ్ళ పక్కన బిళ్ళ అతికించి చేసిన వడ్డాణం అది. "పెళ్ళికి మా అయ్య పద్దెనిమిది బిళ్ళల్తో సేయించినాడు. పెద్దోడు పుట్టినాక రెండు ఏయించినాం. సిన్నోడు పుట్టినాక రెండు. ఈ అయిదేళ్ళలో ఏడు. మాది ఒక కొట్టు రెండు కొట్లయినాది గాదా!" అంది, ఆ సంతోషం దాచుకోకుండా.

నేను బిళ్ళలు తడిమి చూశాను. పాతవి అరిగి నునుపుగా ఉన్నాయి. చివరి ఏడూ కొత్తగా మెరుస్తున్నాయి. ఇక్కడి షావుకార్ల ఇళ్ళలో ఆడవాళ్ళు ఏ ఏడు ఎంత పెరిగారో కంసాలి వెండిలో రాసిపెడుతున్నాడు. పొట్ట బిగబట్టినా, బొంత చుట్టుకున్నా అది అబద్ధం చెప్పదు. నా టేపు ఈ రోజు సంగతే చెప్పగలదు. ఈ వడ్డాణం ఇరవయ్యారేళ్ళ సంగతి చెబుతోంది.

"చేతులు కూడా ఇలాగే లావయ్యాయా?" అని అడిగాను.

"నేదే. అదే సిత్రం. గాజులు జారిపోతన్నాయి. పొట్టకే ఒచ్చినాది కలివి అంతా."

కలివి అంటే కలిమి. నాకు నచ్చలేదు ఆ మాట. పెరట్లో దీపం వెలిగించి పరీక్ష చేశాను. పైడమ్మ పక్కనే పీట వేసుకుని వంటలాగా చూస్తూ కూర్చుంది. నీలం ఆకుపచ్చ అయింది, పసుపయింది, ఆగుతుందేమో అనుకున్నాను. ఆగలేదు. గాజుగొట్టం అడుగున ఇటికరంగు పేరుకుంది.

"బాగున్నాది రంగు" అంది పైడమ్మ.

బాగాలేదని చెప్పాను. ఒంట్లో చక్కెర పోతోందని చెప్పాను. ఆవిడ పెద్దగా ఆశ్చర్యపడలేదు. "నాను ఒంటేలికి ఎల్లిన సోట సీమలు పడతాయిలే. బెల్లం తినేదానికి బెల్లమే వస్తాదని మా అత్త నవ్వుతాది" అంది.

అప్పుడు చూశాను ఆవిడ కుడికాలి బొటనవేలు. పసుపు, వేపనూనె పూసి గుడ్డ చుట్టుకుంది. గడప తగిలి నెల దాటిందట. గుడ్డ విప్పితే గోరు పక్కన నల్లబడి ఉంది. నేను గట్టిగా నొక్కాను. ఆవిడ నాతో మాట్లాడుతూనే ఉంది.

"నొప్పి లేదా?"

"పిసరు కూడా నేదు. నొప్పే నేకపోతే ఇంకేటి బయం?"

నొప్పి లేకపోవడమే నన్ను భయపెట్టింది. వేలు చచ్చిపోతూంటే కబురు చెప్పాల్సిన నరాలు ముందే చచ్చిపోయాయి. అలాంటి కాళ్ళని మా ఆస్పత్రిలో మోకాలి కింద కోసెయ్యడం నేను చాలాసార్లు చూశాను. కోశాక బతకనివాళ్ళనీ చూశాను.

మధ్యాహ్నం షావుకారు భోజనానికి వచ్చాడు. సన్నటి మనిషి, మెల్లగా మాట్లాడతాడు. వెంటనే విశాఖపట్నం తీసుకురమ్మని చెప్పాను.

"రోగముంటే మనిసి సిక్కిపోద్ది గదమ్మా" అన్నాడాయన. "ఇది నిండుగా ఉన్నాది. ఒళ్ళు సేసినాది. పద్దులన్నీ నానే సూసుకోవాల, కొట్టు ఒగ్గీసి నానెలగొస్తాను?"

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవాలి. నెమ్మదిగా చెప్పి ఒప్పించాల్సిన చోట నా నోరు లేచింది. "మీ ఆవిడ బతకాలని ఉందా లేదా మీకు? కొట్టే కావాలా?" అన్నాను, ఆయన పళ్ళెం ముందు కూర్చుని ఉండగా. ఆయన చెయ్యి కడిగేసుకుని లేచి వెళ్ళిపోయాడు. అన్నం అలాగే ఉంది.

పైడమ్మ పళ్ళెం తీస్తూ, "ఓసి, నీకు మాటాడ్డం రాదే" అంది. కోపంతో కాదు, బెంగగా. "ఇరవయ్యారేళ్ళలో నామీద సెయ్యెత్తనోడు, నోరెత్తనోడు. ఆయన్ని అంత మాటంటావేటి?"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వచ్చే ఏకాదశికి శ్రీకూర్మం వెళ్ళి, కాలు మానాలని పదకొండు ప్రదక్షిణాలు చేసే మొక్కు ఉందని చెప్పింది. నా ప్రయాణంలో ఆఖరి ఊరు అదే. అక్కడినుంచి నాతో రమ్మని బతిమాలాను. "ఆయన రమ్మంటే వస్తాను. నాకు నానుగా ఎక్కడికీ ఎల్లడం తెల్దు" అంది. వేలు కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, బెల్లం మానమని, చెప్పులు లేకుండా నడవద్దని చెప్పి వచ్చేశాను. ఏకాదశికి ఇంకా ఆరు రోజులున్నాయి.

సాలూరు

లారీల ఊరు ఇది. మిలటరీ వాళ్ళు వదిలించుకున్న లారీలకి రంగులు వేసి కొండ సరుకు దింపుతున్నారు. వీధి పొడుగునా పెట్రోలు వాసన, చింతపండు వాసన. సంత రోజు కావడంతో కొండల మీదినుంచి ఆడవాళ్ళు పసుపు, అడ్డాకులు మోసుకొచ్చారు. సోడి అంబలి, అదే రాగి అంబలి, తాగి పది మైళ్ళు దిగివచ్చే మనుషులు. వాళ్ళకి పుకార్లు అందలేదు, సిగ్గూ లేదు. వరసగా కొలవనిచ్చారు. నా టేపు సగం మిగిలిపోయింది. నీలం మందు నీలంగానే ఉంది. ఒక్క సన్నటి ముసలావిడది మాత్రం పసుపుకి తిరిగింది. డాక్టరమ్మ అనుమానానికి అది అడ్డం వస్తుంది. అయినా రాసుకున్నాను.

వాళ్ళలో ఒకావిడ నా చేతిలోంచి టేపు లాక్కుని, "నీదెంత?" అంది. నా నడుం చుట్టూ చుట్టి, అంకెలు చదవడం రాక, చుట్టూ ఉన్నవాళ్ళకి చూపించి పకపకా నవ్వింది. చేతులు గరుగ్గా, వెచ్చగా ఉన్నాయి. నేను రోజూ ఇంతమందిని ముట్టుకుంటాను. నన్ను ఎవరైనా ముట్టుకుని ఎన్నాళ్ళయిందో అప్పుడు గుర్తు చేసుకోబోయాను. గుర్తు రాలేదు.

గజపతినగరంలో తట్టిన ఉపాయంతో కంసాలి వీధికి వెళ్ళాను. ఒక ముసలి కంసాలి కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. వడ్డాణాలకి బిళ్ళలు కలపడం గురించి అడిగాను. ఎందుకని అడక్కుండానే చెప్పాడు.

"పురుటికో రెండు ఏయించుకుంటారు. అది మామూలే. కొందరు మరీ బేగి బేగి వస్తారమ్మా. యాడాదికి ఒకటి, రెండు. అలాటోళ్ళ వడ్డాణం మా సేతికి మళ్ళీ బేగే వస్తాది."

"ఇంకా బిళ్ళలు వెయ్యడానికా?"

"కాదమ్మా. కరిగించడానికి. మనిసి పోయినాక కోడళ్ళు పట్టీలు సేయించుకుంటారు గదా." కుంపటి ఊదుతూ అన్నాడు. "నాను సదువుకోనేదు. ఎందుకు పోతారో తెల్దు. నలభై ఏళ్ళుగా సూస్తన్నాను గానీ."

నేను అక్కడే కూర్చుండిపోయాను. మా డాక్టరమ్మ ఏళ్ళ తరబడి పుస్తకాలు చదివి అనుమానపడుతున్న సంగతి ఈ ముసలాయనకి కుంపటి దగ్గర తెలుసు. ఆయన్ని ఎవరూ అడగలేదు, అంతే.

మా అమ్మ గురించి రాయకుండా ఇది పూర్తి కాదు. నాలుగేళ్ళ కిందట అమ్మ పక్కింటివాళ్ళ చేత ఉత్తరం రాయించింది, "నేను బాగా ఒళ్ళు చేశాను, నువ్వు చూస్తే గుర్తుపట్టవు" అని. చదివి సంతోషించాను. నాన్న పోయాక అమ్మ మళ్ళీ కోలుకుందనుకున్నాను. నీలం మందు నా చేతిలో ఉంది, రోజుకి పదిమందికి పరీక్ష చేసేదాన్ని. అమ్మకి చెయ్యలేదు. వీపు మీద రాచకురుపు లేచిందని తంతి వచ్చింది. ఒంట్లో చక్కెర ముదిరినవాళ్ళకి లేచే కురుపు అది. నేను వెళ్ళేసరికి అమ్మ నన్ను నిజంగానే గుర్తుపట్టలేదు. ఒళ్ళు చెయ్యడమంటే మన భాషలో మెప్పు. ఆ మాట వింటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. షావుకారు మీద అరిచింది అందుకే. ఆయన తప్పేముంది? నేను నర్సునై ఉండి పడ్డ పొరపాటే ఆయనా పడ్డాడు.

పోస్టాఫీసుకి వెళ్ళి కార్డు కొన్నాను. ఎవరికైనా కార్డు రాసి చాలాకాలమైంది, రాయడానికి ఎవరూ లేక. "షావుకారు గారికి, అన్నం ముందు కూర్చున్న మనిషిని అనరాని మాట అన్నాను. క్షమించండి. మా అమ్మ కూడా ఒళ్ళు చేసింది. నేను నర్సునై ఉండి కనిపెట్టలేకపోయాను, పోయింది. పైడమ్మగారిని పంపించండి. ఏకాదశినాడు గుడి మంటపంలో ఉంటాను." ఇంత రాసేసరికి కార్డు నిండిపోయింది.

శ్రీకాకుళం

స్టేషను నుంచి ఊళ్ళోకి బొగ్గు బస్సు. దారిలో రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా మగవాళ్ళు దిగి తోశారు, ఆడవాళ్ళం దిగి నడిచాం. మసి మొహాలతో ఊరు చేరాం. హోటల్లో దిబ్బరొట్టె పెట్టారు, బాగుంది. అయితే ఒక ఆడది ఒక్కతే బల్ల ముందు కూర్చుని తినడం వాళ్ళకి వింత. వడ్డించేవాడు నా ఎదురు కుర్చీ తీసి పక్కబల్లకి వేశాడు. ఎవరూ రారని నిశ్చయం చేసుకున్నట్టున్నాడు.

చుట్టుపక్కల రైతుల ఇళ్ళకి వెళ్ళాను. ఊడ్పుల రోజులు. పొద్దున్న పొలానికి వెళ్ళి చీకటిపడే వేళకి వచ్చే ఆడవాళ్ళని గట్టు మీద నిలబెట్టి కొలిచాను. పని ఆగిపోతుందని విసుక్కున్నారు. "మా నడుములు వంగడానికి గాని కొలవడానికా?" అందొకావిడ. నడుములు చిన్నవి, నీలం నీలంగానే ఉంది. డాక్టరమ్మ చూస్తే సంతోషిస్తుంది. నేను మాత్రం రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. కార్డు అందిందా, ఆయన చదివాడా, చదివి చింపేశాడా? సత్రం గదిలో ఆ నల్లటి వేలే కళ్ళ ముందు ఉండేది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎంతోమంది రోగులు పోయారు, నేను అన్నం మానలేదు. ఈసారి సగం విస్తరి వదిలేసి లేచాను.

శ్రీకూర్మం

ఏకాదశి పొద్దున్నే మంటపంలో ఒక స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. గుళ్ళో పెంచే తాబేళ్ళు తోటకూర నములుతున్నాయి. వాటికున్న ఓపిక నాకు లేదు. బండి వచ్చిన చప్పుడైనప్పుడల్లా లేచి చూశాను. ఎవరెవరో దిగారు. పోయినవాళ్ళ కర్మలకి వచ్చినవాళ్ళు, పుట్టువెంట్రుకలకి వచ్చినవాళ్ళు. అందరూ గుంపులు గుంపులుగానే. ఒక పిల్ల తల్లి నన్ను చూసి, "మీవోళ్ళు ఇంకా రానేదేటమ్మా?" అంది. వస్తారని చెప్పాను.

మధ్యాహ్నం దాటింది. ఇక రారని అనుకున్నాను. లేచి సామాను సర్దుకుని కదిలితే, మంటపం వెనక నల్లరాతి నేల మీద ఎర్రటి మరకలు కనిపించాయి. కుంకుమ ఒలికిందనుకున్నాను. వంగి చూశాను. అడుగు విడిచి అడుగు, ఒక్క కాలివే, గుడి చుట్టూ మలుపు తిరిగి పోతున్నాయి. నేను వాటి వెంట పరిగెత్తాను. ఇంకో వైపు గుమ్మంలోంచి ఎప్పుడు వచ్చిందో, పైడమ్మ తడిచీరతో, చేతులు జోడించుకుని ప్రదక్షిణం చేస్తోంది. గుడ్డ ఊడిపోయింది. రాయి మీద వేలు చితికి నెత్తురు కారుతోంది. మొహం ప్రశాంతంగా ఉంది.

"ఏడోది ఇది. ఉండు, మాటాడించకు" అంది నన్ను చూసి.

"వెనక్కి తిరిగి చూడండి."

తిరిగింది. మరకలు చూసింది. "ఎవులికో కాలు తెగిపోనాది పాపం" అంది.

"మీ కాలే."

నమ్మలేదు. వంగి చూడబోయింది. పొట్ట అడ్డం వచ్చి కాలు కనిపించలేదు. నేను ఆవిడ పాదం ఎత్తి నా ఒళ్ళో పెట్టుకుని చూపించాను. చూసింది, చేత్తో ముట్టుకుంది, ఎర్రబడ్డ వేళ్ళు చూసుకుంది. "నాకు తెల్నేదే" అంది చిన్నపిల్లలాగా. "నా కాలు నాకు తెల్నేదే." ఆ మనిషి ఏడవడం అదే మొదటిసారి చూశాను.

వెనకే షావుకారు వచ్చాడు. నేల మీది మరకలన్నీ చూసి అక్కడే చతికిలబడ్డాడు. తరవాత నావైపు తిరిగి, "కార్డు అందినాది నర్సమ్మా" అన్నాడు. "మొక్కు తీరినాక తేల్సుకుందామనుకున్నాను. ఏ బండెక్కాలో సెప్పు. కొట్టు తాళం ఏసీసొచ్చినాను."

ఆగిపోయిన ఏడో ప్రదక్షిణం, మిగిలిన నాలుగూ ఆయన చేశాడు. నేను గుడ్డ చింపి కట్టు కట్టాను.

మళ్ళీ విశాఖపట్నం

ఇది రాస్తున్న రోజుకి పైడమ్మ మా వార్డులోనే ఉంది. వేలు పోయింది, కాలు మిగిలింది. ఇంకో వారం ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరమ్మ అంది. రెండుపూటలా ఇన్సులిన్ పొడుస్తున్నాం. బెల్లం లేని పప్పు చూసి రోజూ నన్ను తిడుతోంది. ప్రమాదం పూర్తిగా దాటలేదు, దాటుతుందని నాకు ఆశగా ఉంది. షావుకారు వారానికి రెండుసార్లు వచ్చి కిటికీ బయట నిలబడి చూసి వెళుతున్నాడు.

చేర్చిన రోజు సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఆడవార్డులో రోగి పక్కన ఉండటానికి దగ్గరి చుట్టమైన ఆడమనిషి పేరు రాయిస్తేగాని చేర్చుకోరు. వాళ్ళకి ఇద్దరూ కొడుకులే. అత్తగారు మంచం దిగలేదు. షావుకారు బిక్కమొహం వేశాడు. నేను ఎవరి కాళ్ళు పట్టుకోవాలా అని ఆలోచిస్తున్నాను. గుమాస్తా కలం పట్టుకుని, "తోడు ఎవరమ్మా?" అని మళ్ళీ అడిగాడు.

"మా సెల్లి" అంది పైడమ్మ, బల్ల మీదినుంచే నా చెయ్యి పట్టుకుని. "ఇదుగో, ఇదే."

పదేళ్ళుగా నన్ను ఎరిగినవాడు ఆ గుమాస్తా. నవ్వాడు. "సిస్టరుగారా? ఆవిడకి ఎవరూ లేరమ్మా. పండగ సెలవు కూడా అడగరు."

"ఎవుల్రా బాబూ నీకు సెప్పినోడు? నీకు తెలకపోతే ఎవులూ నేనట్టేనా? రాయి."

గుమాస్తా నావైపు చూశాడు. చెల్లెలు అని రాసి, "తండ్రి పేరు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపల పైడమ్మ చెప్పేసింది.

"అప్పలనరసయ్య. మా ఇద్దరికీ అయ్య ఒకడే గదా."

ఆ ఆస్పత్రిలో ఏ కాగితం మీద తప్పు కనిపించినా దిద్దేది నేనే, అందుకు నన్ను అందరూ తిట్టుకుంటారు. ఆ రోజు దిద్దలేదు. కింద సంతకం పెట్టాను.